పూర్తి చేసిన నేరం

మా నగరపాలక సంస్థ కమిషనరుగారు చెత్త నిర్వహణ మీద అధ్యయనం చేసి రమ్మని ప్రభుత్వం పంపితే విదేశాలకు వెళ్ళి, కళ మీద ప్రేమతో తిరిగి వచ్చారు. అక్కడ ఒక నాలుగురోడ్ల కూడలిలో తుప్పుపట్టిన ఇనపరేకు ఒకటి వంకరగా నిలబెట్టి ఉందట. దాని చుట్టూ జనం మూగి ఫొటోలు తీసుకుంటున్నారట. ఏ లారీయో గుద్దిందేమో, ఎవరికైనా దెబ్బలు తగిలాయేమోనని ఈయన కంగారుగా దగ్గరికి వెళితే, అది ఆ ఊరికే గర్వకారణమైన శిల్పమని చెప్పారట. మరో వీధిలో గొట్టాలూ తీగలూ అన్నీ బయటికి కనబడేలా కట్టిన భవనం ఒకటి చూపించి, ఇది ఆధునిక భవన నిర్మాణకళ అన్నారట. అలాంటివి చూడడానికి తాను అంత దూరం ఎందుకు రావలసివచ్చిందో కమిషనరుగారికి అర్థం కాలేదు.

వచ్చిన మర్నాడే అధికారుల సమావేశం పెట్టి, "మన నగరంలో బహిరంగ కళ ఎంత ఉంది?" అని అడిగారు.

రోడ్లు, భవనాల పనులు చూసే ఇంజనీరు గవర్రాజుగారు లేచి, కూడళ్ళలో నాయకుల విగ్రహాలు బోలెడున్నాయని మనవి చేశారు.

"వాళ్ళు నాయకులు, కళ కాదు," అన్నారు కమిషనరు. "పైగా ఒక విగ్రహాన్ని కళ అన్నామంటే, అనని విగ్రహాల తాలూకు వాళ్ళు ధర్నాకు దిగుతారు."

అవి తప్ప ఇంకేమీ లేవని తేలింది. లేనిదాన్ని తయారు చేయించాలంటే బడ్జెట్ కావాలి. ఉన్నదాన్ని కనిపెట్టాలంటే సలహాదారు చాలు. అలా మా ఊరికి ఆచార్య విభావసుగారు వచ్చారు.

ఆయనది మహానగరం. కాలరు లేని లాల్చీ, ఒక చెవికి పోగు. మాట్లాడేముందు ఆయన కళ్ళు మూసుకుంటారు. మాట్లాడుతున్నంతసేపూ వినేవాళ్ళు మూసుకుంటారు. గవర్రాజుగారు ఆయన్ని జీపులో ఎక్కించుకుని పార్కులూ, ఫౌంటెన్లూ చూపించారు. ఆచార్యులవారు ఆవులించారు. రైలుగేటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గవర్రాజుగారు డ్రైవరుతో, "కొంచెం తొందరగా పోనీ," అన్నారు. అక్కడ మా ఊరి ఫ్లైఓవరు ఉంది. బజారు వైపు నుంచి బయల్దేరి, దర్జాగా పైకి లేచి, సరిగ్గా గేటు ముందు గాలిలో ఆగిపోయి ఎన్నో ఏళ్ళయింది. జనం దాన్ని మొండివంతెన అంటారు.

"ఆపండి," అన్నారు విభావసు.

గవర్రాజుగారు జీపు దిగారు. అలవాటు కొద్దీ, "భూసేకరణలో జాప్యం వల్లనూ, గుత్తేదారు మారుట వల్లనూ, కోర్టువారి స్టే వల్లనూ…" అని మొదలుపెట్టారు.

"మాట్లాడకండి. వంతెన మాట్లాడుతోంది."

"ఏమంటోందండి?"

"ఇక చాలు అంటోంది." ఆచార్యులవారు కళ్ళు మూసుకున్నారు. "లోకంలో వంతెనలన్నీ అవతలి ఒడ్డుకు బానిసలు. గమ్యాన్ని నిరాకరించిన వంతెనను నేను ఇన్నాళ్ళకు చూశాను. దీని శిల్పి ఎవరు?"

ఈ వంతెన గురించి గవర్రాజుగారు అప్పటికి ఎన్ని మెమోలకు సంజాయిషీ రాసుకున్నారో ఆయనకే తెలీదు. దీని గురించి ఒక మనిషి మంచిమాట అనగా వినడం ఆయనకు అదే మొదలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేనేనండి," అన్నారు నెమ్మదిగా.

ఆ తరువాత కళ ఎక్కడ చూస్తే అక్కడే కనబడసాగింది. కప్పులేని బస్సు షెల్టరు, ఒరిగి ఆగిన నీళ్ళ ట్యాంకు, తవ్వి వదిలేసిన గోతులు, గోతుల పక్కన గొట్టాల గుట్టలు. ఆచార్యులవారు ఒక సిద్ధాంతం చేశారు: పూర్తయినది వస్తువు, పూర్తికానిది కళ. కమిషనరుగారు ఆ సిద్ధాంతానికి సంతకం పెట్టి నియమావళి చేశారు. దాని ప్రకారం నగర పరిధిలో రోడ్డు మీదికి కనబడేలా సగంలో ఉన్నది ఏదైనా సరే, అది నగరపు కళాసంపద. దాన్ని కదపడం తప్పు. పూర్తి చేయడం నేరం. 'కట్టడం' అని రాస్తే గోతులూ గొట్టాలూ రావని ఆచార్యులవారు పట్టుబట్టి 'ఏ వస్తువైనను' అని రాయించారు. దీనికో కళావిభాగం ఏర్పడింది. సగంలో ఆపిన పనుల మీద అంత అనుభవం మరెవరికీ లేదు గనక దాన్ని కూడా గవర్రాజుగారికే అప్పగించారు.

మా వీధి చివరింటాయన గుత్తుల త్రిమూర్తులుగారు ఈ వార్తను పేపర్లో చదివి ముచ్చటపడ్డారు. ఆయన బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యారు. ఊరంతా ఆయనకు స్టాపుల పేర్లుగా తెలుసు గానీ ఊరుగా తెలీదు. ఆదివారం పొద్దున్నే కార్పొరేషన్ వారు 'కళానడక' పెడుతున్నారని, చివర్లో ఉప్మా ఉంటుందని తెలిసి వెళ్ళారు. ఉప్మా కోసం వెళ్ళినాయన ఉప్మా మరిచిపోయి తిరిగొచ్చారు.

"ఏవండీ, మన పాత కూరగాయల మార్కెట్టు కప్పు ఎప్పుడైనా చూశారా?" అని నన్ను వీధిలో ఆపి అడిగారు. "కాగితం మడతెట్టినట్టు సిమెంటుని మడతలు మడతలుగా ఏశారండి. ఆ మడతల సందుల్లోంచి ఎండ వచ్చి వంకాయల బుట్టల మీద చారలు చారలుగా పడతంది. టెలిఫోను ఆఫీసు గోడ మీద పగిలిపోయిన పింగాణీ ముక్కలతో పడవల బొమ్మ ఉందండి. సగం సినిమా పోస్టర్లు అంటించేశారు. మిగతా సగం చూసినా చాలండి. సర్వీసంతా ఆ గోడ ముందునుంచే డ్యూటీకెళ్ళాను. ఒక్కనాడు తలెత్తలేదు."

ఆ రెండూ ఆచార్యులవారి జాబితాలో లేవు. ఎప్పుడో పూర్తయిపోయాయి కాబట్టి కళ కాదన్నారు. త్రిమూర్తులుగారికి అది కొంచెం కష్టం కలిగించింది గానీ, పెద్దవాళ్ళు చెప్పారు కదా అని సర్దుకున్నారు. ప్రతి ఆదివారం నడకకు వెళ్ళేవారు. కొత్తవాళ్ళకు తానే వివరించేవారు. చివరికి ఒకనాడు, అభిమానం ఆపుకోలేక, ఆచార్యులవారిని కాఫీకి ఇంటికి పిలిచారు.

త్రిమూర్తులుగారిది డాబా ఇల్లు. ముందు వరండాలో ఆయన భార్య వీరవేణిగారు ఆడపిల్లలకు కుట్టు నేర్పుతారు. ఆవిడ దగ్గర నేర్చుకుని సొంతంగా మిషను పెట్టుకున్న పిల్లలు ఊళ్ళో ప్రతి పేటలోనూ ఉన్నారు. చిక్కల్లా వరండాతోనే. వానాకాలం జల్లు కొట్టి మిషన్లు తడుస్తాయి. కిందటేడు తడిసిన మిషను తుప్పు ఒక పెళ్ళికూతురి జాకెట్టుకు అంటి పెద్ద గొడవైంది. అందుకని మేడ మీద హాలు వేద్దామని ఎప్పుడో పిల్లర్లు లేపారు. ఏటా ఏదో ఒకటి అడ్డొచ్చి పని ఆగింది. పిల్లర్ల నెత్తిన ఇనప చువ్వలు అలాగే నిలబడ్డాయి. నూకరాజు మేస్త్రి ఉత్సాహం కొద్దీ లేని మేడ పైకి మెట్లు కూడా మొదలుపెట్టేశాడు. అవి గాలిలోకి కొంతదూరం వెళ్ళి ఆగాయి. ఈ ఏడు మాత్రం వానల్లోపు హాలు పూర్తి కాకపోతే క్లాసు మూసేస్తానని వీరవేణిగారు తేల్చి చెప్పారు. ఇటుక దిగింది. మేస్త్రి శుక్రవారం వస్తానన్నాడు.

ఆచార్య విభావసు బుధవారం వచ్చారు.

కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని డాబా ఎక్కి, మెట్ల ముందు చాలాసేపు నిలబడిపోయారు. చువ్వలకు కట్టిన తాడు మీద త్రిమూర్తులుగారి గళ్ళలుంగీ ఆరుతోంది.

"ఎక్కడానికి మెట్లు ఉన్నాయి. చేరడానికి చోటు లేదు," అన్నారు కళ్ళు మూసుకుని. "మానవజీవితాన్ని ఇంత సూటిగా ఎవరు చెప్పారు?"

"నూకరాజని, మా మేస్త్రండి," అన్నారు త్రిమూర్తులుగారు మురిసిపోతూ.

వీరవేణిగారు కూడా సంతోషించారు. "బాగానే ఉందండి. ఎల్లుండి పని మొదలెడతన్నాం. స్లాబు పడ్డాక ఇంకా బాగుంటది. అప్పుడొచ్చి చూద్దురుగాని."

ఆచార్యులవారు కళ్ళు తెరిచారు. "స్లాబా?" అన్నారు, పక్కింట్లో ఎవరో పోయారని విన్నట్టు.

మర్నాటికల్లా గేటుకు బోర్డు వచ్చింది. 'ఆశాస్తంభాలు. ఇనుము, సిమెంటు, నిరీక్షణ. శిల్పి: నూకరాజు' అని ఉంది. దిగిన ఇటుకకు అపాయకర పదార్థమని టార్పాలిన్ కప్పి, ముద్ర వేశారు. స్కూలు పిల్లల్ని బస్సుల్లో తెచ్చి చూపించారు. త్రిమూర్తులుగారికి మొదట్లో కొంత గర్వంగానే ఉండేది. వీరవేణిగారు మాత్రం ఆయనకు అన్నం పెట్టేటప్పుడు గరిటె గట్టిగా చప్పుడయ్యేది.

తాడు మీది లుంగీ ఆరిందని ఆవిడ తీసేస్తే, కళావిభాగం వాళ్ళు జీపులో వచ్చారు. కరపత్రంలో వేసిన ఫొటోలో లుంగీ ఉందట. అది లేకపోతే కళాఖండం అర్థం మారిపోతుందట.

"అది నాకున్న మంచి లుంగీ అండి," అన్నారు త్రిమూర్తులుగారు.

"ఇకమీదట నగరానిదండి. వెలిసిపోతే మేమే ఇలాంటిది తెచ్చి వేలాడదీస్తాం. మీరు ముట్టుకోవద్దు."

ఇంత జరిగాక త్రిమూర్తులుగారు నూకరాజు ఇంటికి పరుగెత్తారు. గుట్టుగా అయినా స్లాబు వేయిద్దామని ఆయన ఆలోచన. అప్పటికే నూకరాజుకు టౌనుహాల్లో సన్మానం జరిగిపోయింది. శాలువా కప్పుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎండ మండిపోతున్నా శాలువా తీయలేదు.

"నాదేం లేదండి త్రిమూర్తులుగారూ. మీకు తెల్దేటి, నేనేదో ఇటిక మీద ఇటిక పేర్సుకునేవోణ్ణి," అన్నాడు. "ఇప్పుడు ఇటికెడితే దానికో అర్దం ఉండాలంటన్నారండి. అర్దం లేకుండా పెడితే పరువు పోద్దంట. రోజంతా ఆలోసిత్తన్నాను, తట్టట్లేదు."

"నాకర్థం అక్కర్లేదయ్యా. గోడ కావాలి."

"అదే కదండి మీతో సిక్కు," అన్నాడు నూకరాజు జాలిగా.

ఊళ్ళో సంగతి కూడా మారిపోయింది. ఇదివరకు గుత్తేదార్లు పని సగంలో ఆపితే బెదిరింపులు వచ్చేవి. ఇప్పుడు అభినందన పత్రాలు వస్తున్నాయి. కాలవల మీద పలకలు వేస్తున్న ఆయన చివరి పలక వేయబోతుంటే అధికారులు పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నారు. ఆ ఖాళీలో పడిపోయిన పెద్దమనిషి ఒకాయన కాలు విరిగిందని ఫిర్యాదు చేస్తే, కళతో ప్రత్యక్ష సంబంధం అందరికీ దొరకదని జవాబొచ్చింది. కొత్త ఆసుపత్రికి తలుపులు బిగించలేదు. లోపలికి ఎవరైనా రావచ్చనే భావం అందులో ఉందన్నారు. మా పక్కవీధిలో ఒకాయన మధ్యాహ్నం అందరూ భోజనాల్లో ఉండగా తన పిట్టగోడకు సున్నం వేసుకుంటూ పట్టుబడ్డాడు. అతని మీద పెట్టిన కేసులో నేరం పేరు 'పూర్తి చేయుట'. పిట్టగోడ తిరిగి గీకించి పూర్వస్థితికి తెచ్చారు.

ఆకాశంలో మబ్బులు కనబడసాగాయి. త్రిమూర్తులుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్ళారు. గవర్రాజుగారు కుర్చీ చూపించి మర్యాద చేశారు. ఆ కుర్చీకి ఒక చెయ్యి లేదు.

"నా ఇల్లు నేను పూర్తి చేసుకోడానికి అనుమతి ఇప్పించండి బాబూ."

"ఎందుకివ్వమండీ? పౌరుల సౌకర్యమే మా ధ్యేయం. పూర్తయిన కట్టడాలకు ఈ నియమావళి వర్తించనే వర్తించదు. మీది పూర్తయిందా?"

"అవలేదండి. అందుకే కదండీ వచ్చింది."

"పూర్తవలేదు కాబట్టి వర్తిస్తుంది. పూర్తి చేసి రండి, ఆ పూటే మినహాయింపు ఇచ్చేస్తాం."

"పూర్తి చేస్తే కేసు పెడతారు కదండీ."

"అది వేరే సెక్షను."

త్రిమూర్తులుగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "వానలొచ్చేత్తన్నాయండి. మా ఆవిడ క్లాసు ఎక్కడ పెట్టుకోవాలండి? ఆ పిల్లలు ఎక్కడికెళ్ళాలి?"

గవర్రాజుగారు చెడ్డమనిషేం కాదు. ఆయన మొహంలో కూడా కొంచెం నొప్పి కనబడింది. కానీ కొత్తగా నేర్చుకున్న మాటలు నోటి చివరే ఉన్నాయి. "చూడండి త్రిమూర్తులుగారూ, మీరు చాలా చిన్న ప్రశ్న అడుగుతున్నారు. మీ మేడ చాలా పెద్ద ప్రశ్న అడుగుతోంది."

ఇంటికి వచ్చాక, "ఏమన్నారు?" అని అడిగారు వీరవేణిగారు.

"మన మేడ పెద్ద ప్రశ్న అడుగుతుందంట."

"ఏమడుగుతుందంట?"

"అది చెప్పలేదు." త్రిమూర్తులుగారు చెప్పులు విప్పి గుమ్మంలోనే కూర్చుండిపోయారు. "నేనేనే వేణీ, ఆయన్ని కాఫీకి పిలిచింది. ఊరుకున్నా బాగుండేది."

వీరవేణిగారు లేచి అన్నం వడ్డించారు. ఆ రోజు గరిటె చప్పుడు కాలేదు.

మొదటి వాన ఏటవాలు జల్లుతో వచ్చింది. వరండా అంతా తడిసింది. ఆడపిల్లలు మిషన్ల మీద తమ చున్నీలు కప్పి నిలబడ్డారు. ఒకమ్మాయి ఏడ్చింది, ఆమె అప్పుడే పని పట్టుబడి, రెండిళ్ళ బట్టలు ఒప్పుకుంది. వీరవేణిగారు కొంగు బిగించి వీధిలోకి వెళ్ళి ట్రాలీ ఆటోలు పిలుచుకొచ్చారు. మిషన్లన్నీ ఎక్కించారు. త్రిమూర్తులుగారు గొడుగు పట్టుకుని వెనకాల పరుగెత్తారు. "ఎక్కడికే?" అంటే ఆవిడ, "ఊళ్ళో చుక్క పడని చోటు ఒక్కటే ఉంది," అన్నారు.

గమ్యాన్ని నిరాకరించిన వంతెన కింద గచ్చు పొడిగా ఉంది. మిషన్లు వరసగా దించారు. సాయంత్రానికి క్లాసు మామూలుగా నడిచింది. మర్నాడు గవర్రాజుగారు సిబ్బందితో దిగారు.

"కళాఖండం కింద వాణిజ్య కార్యకలాపాలు నిషిద్ధం. తక్షణం ఖాళీ చేయాలమ్మా."

వీరవేణిగారు మిషను ఆపి తలెత్తారు. "నాకు చదువు తక్కువండి. మీ రూలేంటో ఒకసారి చెప్పండి. రోడ్డు మీదకి కనపడేలా, సగంలో ఉన్న ఏ వస్తువునైనా కదపకూడదు. అంతే గదండి?"

"అంతే."

"అయితే ఇటు చూడండి."

ప్రతి మిషను మీదా ఒక జాకెట్టు ఉంది. ఒకదానికి మెడ లేదు. ఒకదానికి వీపు లేదు. ఒకదానికి గుండీలున్నాయి, కాజాల్లేవు. "అన్నీ సగంలో ఉన్నయ్యేనండి. వీటిని కదిపితే మీమీదే కేసవుద్దేమో చూసుకోండి," అన్నారు.

గవర్రాజుగారు ఆచార్యులవారికి ఫోను చేశారు. ఆయన ఆటోలో వచ్చి, అటూ ఇటూ నడిచి, దీర్ఘంగా నిట్టూర్చి, దీనికి 'అర్ధవస్త్రం' అని పేరు పెట్టారు. మానవదేహం అసంపూర్ణం కాబట్టి వస్త్రం కూడా అసంపూర్ణమే కావాలన్నారు. సాయంత్రానికి చుట్టూ తాడు కట్టి, బోర్డు పెట్టి, ఎవరూ ముట్టుకోకుండా ఒక కాపలాదారును నియమించారు. వర్షాకాలానికి వీరవేణిగారికి పక్కా కప్పూ, కాపలా దొరికాయి.

కాకపోతే జాకెట్లు పూర్తి కావడం ఆగిపోయింది. బట్టలిచ్చినవాళ్ళు వచ్చి అడిగితే, "నేరమంటండి. కార్పొరేషన్ వారినడగండి," అని ఆవిడ బోర్డు చూపించేవారు. జనం కార్పొరేషన్‌కు వెళ్ళేవారు. అక్కడ వాళ్ళకు ఒక కరపత్రం ఇచ్చేవారు. పండగలకు జాకెట్లు లేని ఆడవాళ్ళ కోపం నగరంలో క్రమంగా పెరిగింది గానీ, కమిషనరు బంగళా దాకా అది చేరడానికి కొంచెం సమయం పట్టింది.

చేరిన విధం ఇది. కమిషనరుగారి భార్య చెల్లెలు పక్క జిల్లాలో గృహప్రవేశం చేసుకుంటోంది. అక్కడ ఇళ్ళు పూర్తవుతాయి. కమిషనరుగారి భార్య ఆ శుభకార్యానికి పట్టుజాకెట్టు కుట్టించుకుందామని మంచి టైలరు ఎవరని వాకబు చేసి, వీరవేణిగారి దగ్గరికి బట్ట పంపారు. తీసుకురమ్మని డ్రైవరును పంపితే, అతను ఒక చెయ్యి మాత్రమే కుట్టిన జాకెట్టును దూరం నుంచి చూసి తిరిగొచ్చి, బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాడు.

బంగళాలో ఏం జరిగిందో మాకు తెలీదు. మర్నాడు కమిషనరుగారు ఆఫీసు క్యాంటీనులో ఇడ్లీ తింటూ కనబడ్డారని మాత్రం అందరూ చెప్పుకున్నారు. రెండోపూట కూడా అక్కడే భోంచేశారట. మూడోనాడు ఆయనే స్వయంగా, గవర్రాజుగారినీ ఆచార్యులవారినీ వెంటబెట్టుకుని, వంతెన కిందికి వచ్చారు.

"అమ్మా, ఆ రెండో చెయ్యి ఎప్పుడు కుడతారు?"

"కుట్టకూడదండి. బోర్డు కింద మీ సంతకమే ఉందండి."

"ఈ ఒక్క జాకెట్టుకీ మినహాయింపు ఇస్తాను."

ఆచార్యులవారు అడ్డుపడ్డారు. "మహాశయా, రెండు చేతులూ ఉండాలన్నది సౌష్ఠవం అనే పాత మూఢనమ్మకం. ఈ ఒంటిచేతి జాకెట్టు…"

"ఆచార్యగారూ, మీకు పెళ్ళయిందా?" అన్నారు కమిషనరు.

"లేదు."

"అయితే కాసేపు ఆగండి."

వీరవేణిగారు జాకెట్టు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. "జాకెట్టు ఒక్కదానికి ఇస్తే సరిపోదండి. ఇది పట్టు. ఇక్కడ లారీలెళ్తంటే దుమ్ము. ఇయ్యాళ మీది కుట్టేసి పంపుతాను, రేపు ఈ పిల్లల గతేంటండి? ఆళ్ళు కూర్చోడానికి నాలుగు గోడలుండాలి, పైన కప్పుండాలి. మా మేడ మీద హాలు పూర్తి చేసుకోనిస్తే చెయ్యి కుడతాను. లేపోతే మీ కళ మీరు పట్టుకెళ్ళండి."

త్రిమూర్తులుగారు తాడు అవతల నిలబడి వింటున్నారు. కమిషనరుగారు ఆకాశం వైపు చూడబోయారు. పైన వంతెన అడ్డంగా ఉంది. పెన్ను తీశారు.

సవరణ అక్కడికక్కడే గవర్రాజుగారు చెప్పగా, వెంట వచ్చిన టైపిస్టు రాసుకున్నాడు. 'కుట్టుపనికినీ, కుట్టుపనికి అవసరమగు సమస్త వసతులకునూ ఈ నియమావళి వర్తించదు.' సంతకం ఆరాక వీరవేణిగారు మిషను ముందు కూర్చుని రెండో చెయ్యి అతికించారు. కమిషనరుగారు జాకెట్టును తన చేత్తోనే తీసుకెళ్ళారు. ఆచార్యులవారు మొహం అటు తిప్పుకున్నారు.

రెండ్రోజులకు నూకరాజు శాలువా లేకుండా వచ్చాడు. చేతిలో తాపీ ఉంది. కళాకారుణ్ణి పనికి పిలవడానికి ఊళ్ళో అందరూ మొహమాటపడటంతో అతనికి సన్మానం తరవాత ఒక్క గోడ కూడా దొరకలేదు.

"అమ్మా, స్లాబు నేనే ఏత్తానండి," అన్నాడు గుమ్మం దగ్గరే నిలబడి. "శాలవా కప్పుకుని కూకుంటే సెయ్యి లాగేత్తందండి."

"అర్థం తట్టిందా మరి?" అన్నారు త్రిమూర్తులుగారు.

"వానలో తడవకండా ఉంటాది కదండి. అంతకన్నా నాకేం తట్టట్లేదు."

సెంట్రింగు బిగించే రోజు త్రిమూర్తులుగారు ఒక్కరే డాబా ఎక్కి, ఆ గాలిమెట్ల మీద చివరిసారి కూర్చున్నారు. నేను పైకి వెళ్ళి పలకరిస్తే, "నిజం చెప్పొద్దూ, ఆయన అన్నాక రోజూ చూస్తా ఉంటే నాకూ బాగానే ఉందనిపించిందండి ఇది," అన్నారు కొంచెం సిగ్గుపడుతూ. స్లాబు పడింది. గోడలు లేచాయి. గాలి ఆడేలా గోడలకు జాలీ పెట్టమని త్రిమూర్తులుగారు పట్టుబట్టి పెట్టించారు. లుంగీని మాత్రం కళావిభాగం వారు తిరిగి ఇవ్వలేదు.

అంతటితో అయిపోతే అది ఒక ఇంటి కథ. కానీ సవరణ సంగతి ఊరంతా పాకింది. వారం తిరక్కుండా మా నగరంలో మొండిగోడ ఉన్న ప్రతి ఇంటాయనా టైలరు అయిపోయాడు. ఊళ్ళో కుట్టుమిషన్లు దొరకలేదు. అటకల మీద ఉన్నవి దించారు, అత్తగార్లవి అరువు తెచ్చారు. మిషను పెట్టి చూపించడం, ఇల్లు పూర్తి చేసుకోవడం. గుత్తేదార్లు కాలవల పక్కన మిషను పెట్టి పలకలు వేశారు. ఆసుపత్రికి తలుపులు బిగించేటప్పుడు సూపరింటెండెంటుగారు, తామూ కుట్లు వేస్తామని రాసి ఇచ్చారు. అది ఒక్కటే ఆ దరఖాస్తులన్నిటిలోకీ నిజం.

చివరికి ఫ్లైఓవరు వంతు వచ్చింది. చుట్టూ అన్నీ పూర్తవుతుంటే అదొక్కటీ గాలిలో నిలబడి ఉండటం కమిషనరుగారికి నచ్చలేదు. దాన్ని 'ఉపరితల కుట్టు శిక్షణ కేంద్రం, ఇరువైపులా దారితో' అని ఫైలు నడిపి, అవతలి ఒడ్డుకు దించమన్నారు. ఆ ఫైలు మీద ఆడిట్ వారు ఒక అభ్యంతరం రాశారు: కుట్టు కేంద్రం నిర్మాణాన్ని పర్యవేక్షించే అధికారికి కుట్టు వచ్చునా?

ఆచార్య విభావసుగారు ఏ మాటా చెప్పకుండా ఊరు విడిచి వెళ్ళారు. త్రిమూర్తులుగారు మాత్రం ఆదివారం నడక మానలేదు. ఇప్పుడు తానే నలుగురిని వెంటబెట్టుకుని మార్కెట్టు కప్పు చూపిస్తారు, టెలిఫోను ఆఫీసు గోడ మీది పోస్టర్లు తడిపి మెల్లగా ఊడదీయిస్తారు. పడవల బొమ్మలో మూడో తెరచాప కనబడిందని మొన్న నన్ను లాక్కెళ్ళి చూపించారు.

నిన్న వాన జోరుగా కురుస్తుంటే వాళ్ళింటికి వెళ్ళాను. పైన హాల్లో మిషన్ల చప్పుడు. జాలీలోంచి చల్లగాలి వస్తోంది గానీ జల్లు రావడం లేదు. ఆడపిల్లల వరసలో చివరి మిషను ముందు ఇంజనీరు గవర్రాజుగారు కూర్చుని ఉన్నారు. ఒక దిండుగలేబు అంచు కుడుతున్నారు. మొహం నిండా చెమట. సగం దూరం వచ్చాక కుట్టు వంకర పోయింది. ఆయన కాలు ఆపి, గలేబును కొంచెం దూరం పెట్టి, తల పక్కకు వాల్చి చూసి, లేవబోయారు.

వీరవేణిగారు వెళ్ళి ఆ కుట్టును వేలితో పట్టి చూశారు.

"ఇక్కడ దాకా విప్పండి సార్," అన్నారు మెత్తగా. "విప్పి, మళ్ళీ మొదలెట్టండి. అవతలి అంచు దాకా వెళ్ళాకే లేవాలండి."

గవర్రాజుగారు మళ్ళీ కూర్చున్నారు. తరవాత తల వంచుకుని, దారం లాగడం మొదలుపెట్టారు.